పందెం నుంచి పద్ధతికి

కారు పందేల మీద, అందునా అమెరికా దక్షిణాది రాష్ట్రాల కారు పందేల మీద తెలుగులో ఇంత లావు పుస్తకమా అని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే తప్పుపట్టను. రాతప్రతి చేతికొచ్చినప్పుడు నాకూ మొదట అలాగే అనిపించింది. చదవడం అయ్యాక మాత్రం ఈ కథ ఇన్నాళ్లూ మన భాషలోకి ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోయాను.

రచయిత్రి నాకు పరాయిపిల్ల కాదు. ఆర్టీసీ వర్క్‌షాపులో నాతోపాటు ఏళ్లతరబడి గ్రీజు చేతులతో టీ తాగిన మిత్రుడి కూతురు. నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది. ఉద్యోగరీత్యా నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో కాపురం. ఆ ఊరి బ్యాంకుల్లో కంప్యూటర్ కొలువులు చేసుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. నాస్కార్ జట్ల వర్క్‌షాపుల్లో ఎక్కువ భాగం కూడా ఆ చుట్టుపక్కలే. ఆదివారం వస్తే పక్కింటివాళ్లు టీవీ ముందు కూచుని ఎందుకు కేకలు పెడుతున్నారో తెలుసుకుందామని మొదలుపెట్టిన ఆరా ఈ పుస్తకం దాకా వచ్చిందట. "పెదనాన్నా, మెకానిక్కులు చదివి నవ్వుకోకుండా ఉందో లేదో చూసిపెట్టండి, అంతే చాలు" అని రాతప్రతి పంపింది. చూశాను. నవ్వుకోరు. పైగా ఒకటి రెండు సంగతులు కొత్తగా నేర్చుకుంటారు.

తెలియనివారి కోసం ఒక ముక్క చెప్పి ముందుకు పోతాను. ఫార్ములా వన్ కారును పందెం కోసమే పుట్టిస్తారు. స్టాక్ కారు పందెం మూలసూత్రం వేరు: షోరూములో మామూలు జనం కొనుక్కునే కారునే బరిలోకి దించాలి. ఈ పందేలను దేశవ్యాప్తంగా ఒక తాటిమీదికి తెచ్చిన సంస్థ నాస్కార్. 1949లో ఎనిమిది పందేలతో మొదలైన దాని ప్రధాన సిరీస్‌లో ఇప్పుడు ఏడాదికి పాయింట్లు లెక్కించే పందేలు 36.

వేగం గురించీ ప్రమాదాల గురించీ వీరుల గురించీ రాసినవి ఇంగ్లీషులో కొల్లలు. ఈ అమ్మాయి పట్టుకున్న కొస అది కాదు. పందెం ఎవరైనా పెట్టగలరు. దాన్ని ఏటేటా నిలబెట్టేది ఏమిటి అన్నది ఆమె ప్రశ్న. చెప్పిన బహుమతి సొమ్ము చేతికివ్వడం, గెలిచినవాడి బండిని విప్పి చూడటం, మొదటి పందెం నుంచి చివరి పందెం దాకా ఒకే లెక్క రాయడం: ఈ మూడూ కుదిరిన రోజున పందెం ఒక పద్ధతి అయిందని పుస్తకమంతా ఓపిగ్గా రుజువు చేస్తుంది. తిరునాళ్లలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూసినవారికి ఈ సంగతి చిటికెలో అర్థమవుతుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విభాగాలు చేస్తారు. బండ బరువు ముందే చెబుతారు, గడువు నిమిషాల్లో కడతారు, లాగిన దూరాన్ని అడుగుల్లో కొలిచి మైకులో చదువుతారు. ఆ కొలతమీద నమ్మకం పోయిందా, ఎడ్ల సత్తా సంగతి పక్కకుపోయి కర్రలు లేస్తాయి.

కథ ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ ఇసుకలో మొదలవుతుంది. ఆటు సమయంలో ఆ ఇసుక గట్టిగా, చదునుగా తేలుతుంది. అందుకే వేగం రికార్డుల కోసం లోకం నలుమూలలనుంచీ అక్కడికి వచ్చేవారు. 1935లో మాల్కం క్యాంప్‌బెల్ గంటకు 276 మైళ్లు, అంటే 445 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ తర్వాత రికార్డుల వేట యూటా రాష్ట్రపు ఉప్పుమైదానాలకు తరలిపోయింది. వచ్చేపోయే జనం తగ్గితే ఊరు బతికేదెలా? 1936లో ఊరి పెద్దలు సగం ఇసుకమీద, సగం తారురోడ్డుమీద సాగే పందెం పెట్టారు. మలుపుల దగ్గర ఇసుక గుంటలు పడి కార్లు కూరుకుపోయాయి, నిర్వాహకులకు చేతులు కాలాయి. ఆ పందెంలో అయిదో స్థానంలో వచ్చినవాడు బిల్ ఫ్రాన్స్ అనే మెకానిక్. వాషింగ్టన్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి అక్కడ స్థిరపడ్డ ఆరడుగుల పైచిలుకు మనిషి. ఊరివాళ్లు వదిలేసిన పనిని అతను అందుకున్నాడు.

రెండో పాయ దక్షిణాది కొండల్లోంచి వస్తుంది, సారా వాసనతో. మద్యనిషేధం 1933లో ఎత్తేసినా పన్ను ఎగ్గొట్టే నాటుసారా వ్యాపారం ఆగలేదు. జార్జియాలోని డాసన్‌విల్, నార్త్ కరొలినాలోని విల్క్స్ కౌంటీ దానికి పేరుపడ్డ చోట్లు. రాత్రిపూట బట్టీ దగ్గర సరుకెత్తుకుని, దీపాలు ఆర్పేసి, ఎక్సైజు వాళ్లకు దొరక్కుండా ఊరు చేర్చే కుర్రాళ్లకు ఫోర్డ్ వి8 కారు ప్రాణం. పైకి మామూలు కారే. లోపల ఇంజను, కమాన్ కట్టలు అన్నీ మార్చేసేవారు. ఎవడి బండి గట్టిదో తేల్చుకోవడానికి ఆదివారాలు పందేలు. ఆ కుర్రాళ్లలో లాయిడ్ సీ గురించి రాసిన నాలుగు పేజీలూ నేను రెండోసారి చదివాను. 1941 సెప్టెంబరులో అట్లాంటా దగ్గర లేక్‌వుడ్‌లో పెద్ద పందెం గెలిచాడు. మర్నాడే, సారాకు కొన్న చక్కెర లెక్కల్లో తగాదా వచ్చి, వరసకు సోదరుడైనవాడే తుపాకీతో కాల్చి చంపేశాడు. అప్పటికతని వయసు 21 ఏళ్లు.

ఈ రెండు పాయలు ఎక్కడ కలిశాయో చెప్పే మూడో అధ్యాయం పుస్తకానికి వెన్నెముక. యుద్ధం అయిపోయాక పందేలు ఊరూరా పుట్టుకొచ్చాయి. ఎవడి రూలు వాడిది. టికెట్ల డబ్బు సంచిలో వేసుకుని పందెం ముగిసేలోపే ఉడాయించే నిర్వాహకులూ ఉండేవారు. బిల్ ఫ్రాన్స్ షార్లెట్‌లో ఒక పందెం పెట్టి దానికి జాతీయ చాంపియన్‌షిప్ అని ప్రచారం చేయబోతే, అక్కడి పత్రిక క్రీడా సంపాదకుడు అడ్డుతగిలాడు. ఒక రూలుపుస్తకం లేదు, పాయింట్ల పట్టిక లేదు, ఊరికొక పందెం పెట్టి జాతీయ చాంపియన్ అంటే నేనెందుకు వేస్తానన్నాడు. ఆ మాట ఫ్రాన్స్ మనసులో నాటుకుంది. 1947 డిసెంబరు 14న డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్ పై అంతస్తు బార్‌లో సమావేశం పెట్టాడు. పందెగాళ్లు, మెకానిక్కులు, నిర్వాహకులు కలిపి ముప్ఫై మందికి పైగా వచ్చారు. నాస్కార్ అన్న పేరు సూచించింది రెడ్ వోట్ అనే మెకానిక్. 1948 ఫిబ్రవరిలో సంస్థ రిజిస్టరైంది. అదే నెలలో దాని మొదటి పందెం గెలిచినవాడు రెడ్ బైరన్. యుద్ధంలో బాంబర్ విమానంలో ఉండగా అతని ఎడమకాలు నుజ్జయింది. ఆ కాలిని క్లచ్ పెడల్‌కు పట్టి ఉంచే ఏర్పాటు ప్రత్యేకంగా చేయించుకుని కారు నడిపాడు. 1949లో ప్రధాన సిరీస్ మొదటి చాంపియనూ అతనే.

ఇక 1949 జూన్ 19. షార్లెట్‌లో ముప్పావు మైలు మట్టి ట్రాక్, 200 చుట్లు, 33 కార్లు. అచ్చంగా షోరూము కార్లతోనే ఆడాలన్న షరతు మీద మొదలైన ప్రధాన సిరీస్‌లో మొదటి పందెం. మొదటి బహుమతి 2,000 డాలర్లు. జిమ్ రోపర్ అనే ఆయన పేపర్లో వచ్చే కామిక్‌లో ఈ పందెం సంగతి చూసి, కాన్సాస్ నుంచి లింకన్ కారు తోలుకుని వచ్చాడు. సారా క్రిస్టియన్ అనే మహిళ కూడా బరిలో దిగింది. లీ పెటీ తెచ్చిన బ్యూక్ కారు పల్టీలు కొట్టింది. గ్లెన్ డనవే 1947 మోడల్ ఫోర్డ్‌తో అందరికంటే ముందు గీత దాటాడు. అసలు పందెం అప్పుడు మొదలైందంటుంది రచయిత్రి. తనిఖీకి కారు కిందికి దూరినవాళ్లకు వెనక కమాన్ కట్టల్లో తేడా కనిపించింది. డిక్కీ నిండా సారా ఎక్కించినా వెనకభాగం కుంగకుండా, మలుపుల్లో బండి పక్కకు వాలకుండా కట్టల్ని విడదీసి గట్టిపరచడం సారా బండ్ల మెకానిక్కుల కిటుకు. షోరూము కారులో అది ఉండదు. డనవే గెలుపు రద్దయింది. రెండో స్థానంలో వచ్చిన రోపర్ విజేత. కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్లాండ్ 10,000 డాలర్లకు దావా వేశాడు. కోర్టు కొట్టేసింది.

నా ఉద్యోగ జీవితంలో కమాన్ కట్టలు లెక్కలేనన్ని చూశాను. కట్ట మధ్యలో ఒక ముక్క అదనంగా దూర్చినా బండి నడకలో ఎంత తేడా వస్తుందో తెలుసు. అందుకే చెబుతున్నాను, ఆ తనిఖీ చేసినవాళ్లది చిన్న ధైర్యం కాదు. వేలమంది జనం కళ్లముందు గెలిచినవాణ్ణి, అదీ ఆ ప్రాంతంవాణ్ణి, ఓడిపోయాడని చెప్పాలి. పైగా సంస్థ వయసు ఏడాదిన్నరైనా నిండలేదు. కోర్టు ఆ తీర్పును నిలబెట్టడంతో, నాస్కార్ రూలు పెడితే అది చెల్లుతుందని అందరికీ తెలిసొచ్చింది.

ఆ తర్వాతి అధ్యాయాల్లో ట్రాకుల నిర్మాణం చదవడానికి ఇంపుగా ఉంటుంది. సౌత్ కరొలినాలోని డార్లింగ్టన్‌లో పత్తి, వేరుసెనగ పండే నేలను హెరాల్డ్ బ్రేసింగ్టన్ ట్రాకుగా మార్చాడు. పొలం ఇచ్చినాయన తన చేపల చెరువును ముట్టుకోవద్దన్నాడు. అందుకని ఒక కొస ఇరుకై ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. నేటికీ డ్రైవర్లు ఆ చెరువు పుణ్యమా అని రెండు కొసల్లో రెండు రకాలుగా నడపాల్సిందే. 1950లో అక్కడ జరిగిన మొదటి 500 మైళ్ల పందెంలో 75 కార్లు దిగాయి. పెద్ద ఇంజన్ల కార్లు టైర్లు పేల్చుకుంటూ ఆగుతుంటే, జానీ మాంట్జ్ తేలికపాటి ప్లిమత్‌కు గట్టి లారీ టైర్లు వేసుకుని నింపాదిగా తిరిగి గెలిచాడు. ఆరు గంటలకు పైగా పట్టింది. డేటోనాలో 1959లో తెరిచిన రెండున్నర మైళ్ల ట్రాక్‌దైతే మరో లోకం. మలుపుల్లో నేల 31 డిగ్రీల వాలు. ఆ గట్లు కట్టడానికి మధ్యలోంచి మట్టి తవ్వితే అక్కడొక చెరువే ఏర్పడింది. అంత వాలులో తారు పరిచే యంత్రం నిలవదు కనుక, గట్టు పైన బుల్డోజర్లు పెట్టి వాటికి యంత్రాన్ని కట్టి పని నడిపారు. మొదటి డేటోనా 500లో కొస క్షణంలో ముందున్నది ఎవరో కంటికి తేలలేదు. మొదట జానీ బోషాంప్ అన్నారు. ఫోటోలు, సినిమా రీళ్లు తెప్పించి చూసి మూడో రోజున లీ పెటీ అన్నారు.

మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పకపోతే పెద్దరికానికి అర్థం ఉండదు. రూలుపుస్తకం గొప్పదే, కానీ అది ఒక్క కుటుంబం చేతిలో ఉంది. బిల్ ఫ్రాన్స్ తర్వాత 1972లో కొడుకు, ఆపైన మనవడు, ఆ తర్వాత మరో కొడుకు. డార్లింగ్టన్‌లో గెలిచిన ఆ ప్లిమత్ యజమానుల్లో బిల్ ఫ్రాన్స్ ఒకడు. ఏడాది కిందట దావా వేసిన వెస్ట్‌మోర్లాండ్ మరొకడు! తీర్పరే బండిలో వాటాదారు అయితే మన ఊళ్లో ఊరుకుంటామా? 1961లో కర్టిస్ టర్నర్, టిమ్ ఫ్లాక్ డ్రైవర్లకు యూనియన్ కట్టబోతే ఫ్రాన్స్ జీవితకాల నిషేధం వేశాడు. టర్నర్‌ను 1965లో మళ్లీ రానిచ్చాడు. 1969లో అలబామాలోని తల్లడేగా కొత్త ట్రాక్‌లో టైర్లు చిరిగిపోతున్నాయని రిచర్డ్ పెటీ ముందుండి ప్రధాన డ్రైవర్లంతా వెళ్లిపోతే, ఫ్రాన్స్ తానే కారెక్కి ట్రాకు చుట్టి చూపించి, మిగిలినవాళ్లతో పందెం జరిపించాడు. 2024లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ భాగస్వామిగా ఉన్న జట్టు గుత్తాధిపత్యం పేరిట కోర్టుకెక్కడం దాకా ఈ తగువు సాగింది. ఈ సంగతులన్నీ పుస్తకంలో ఉన్నాయి, కాని అక్కడొకటి ఇక్కడొకటిగా. మలి ముద్రణలో వీటిని ఒక్కచోటికి చేర్చి విడి అధ్యాయం చేయమని నా సలహా.

వెండెల్ స్కాట్ అధ్యాయంలో మాత్రం ఆమె మొహమాటపడలేదు. వర్జీనియాలోని డాన్‌విల్‌కు చెందిన నల్లజాతి డ్రైవర్. తన కారుకు తానే మెకానిక్. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో గెలిచాడు. చుట్లు చేత్తో లెక్కపెట్టే రోజులవి. విజేతగా బక్ బేకర్ పేరు ప్రకటించి కప్పు అతనికిచ్చి పంపేశారు. జనం వెళ్లిపోయాక లెక్క సరిచేసి స్కాటే గెలిచాడన్నారు. అతను 1990లో చనిపోయాడు. నాస్కార్ ఆ కుటుంబానికి కప్పు అందించింది 2021లో. అదే ఏడాది అక్టోబరులో బబ్బా వాలెస్ తల్లడేగాలో గెలిచేదాకా ప్రధాన సిరీస్‌లో మరో నల్లజాతి డ్రైవర్ గెలవలేదు. ట్రాకుల్లో, బానిసత్వం కోసం అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండాను నిషేధించింది కూడా 2020లోనే. కమాన్ కట్టలో తేడాను ఆ సాయంత్రమే పసిగట్టిన కళ్లకు ఇది కనపడటానికి ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందని రచయిత్రి అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే.

డబ్బు వచ్చిన దారిని క్లుప్తంగానూ చక్కగానూ చెప్పింది. 1971లో అమెరికాలో రేడియో, టీవీల్లో సిగరెట్ ప్రకటనలు నిషేధించారు. సిగరెట్ కంపెనీ దగ్గర ఖర్చుపెట్టాల్సిన డబ్బు మిగిలిపోయింది. ఆ కంపెనీని పందేల వైపు మళ్లించినవారిలో ముఖ్యుడు జూనియర్ జాన్సన్. కుర్రతనంలో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి జైలుకెళ్లినవాడు, 50 పందేలు గెలిచినవాడు, 1986లో అధ్యక్షుడు రేగన్ చేత క్షమాభిక్ష పొందినవాడు. అలా ఆ కంపెనీ సిగరెట్ పేరుతో ప్రధాన సిరీస్ విన్‌స్టన్ కప్ అయింది. 1972కల్లా 48 పందేలను 31కి కుదించి, చిన్నాచితకా ట్రాకుల్ని పక్కనపెట్టారు. 1979 ఫిబ్రవరి 18న డేటోనా 500ను సీబీఎస్ మొదటినుంచి చివరిదాకా ప్రత్యక్షంగా చూపించింది. తూర్పు రాష్ట్రాల్లో మంచు తుపాను, జనమంతా ఇళ్లలోనే. చివరి చుట్టులో ముందున్న డానీ అలిసన్, కేల్ యార్‌బరో ఒకరినొకరు గుద్దుకుని ఆగిపోయారు. వెనకనుంచి వచ్చిన రిచర్డ్ పెటీ గెలిచాడు. అటు ట్రాకు పక్క గడ్డిలో యార్‌బరో, అలిసన్ సోదరులు కలబడ్డారు. దక్షిణాది ఆట దేశమంతటి ఆట అయింది ఆ మధ్యాహ్నమే.

నా బోటివాడికి పండగలాంటిది బండి మారిన తీరు చెప్పిన భాగం. షోరూము కారన్న మాట క్రమంగా పేరుకే మిగిలింది. లోపల గొట్టాలతో వెల్డింగ్ చేసిన చట్రం, పైన కంపెనీ కారు పోలికలున్న రేకు. 1987లో తల్లడేగాలో బిల్ ఎలియట్ అర్హత చుట్టులో గంటకు 212.809 మైళ్లు అందుకున్నాడు. ఆ పందెంలోనే బాబీ అలిసన్ కారు టైరు పేలి, గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. మరుసటి ఏడాదినుంచి అలాంటి పెద్ద ట్రాకుల్లో కార్బురేటర్ కింద నాలుగు బెజ్జాల రేకు బిగించమన్నారు. ఇంజనులోకి గాలి తగ్గితే శక్తి తగ్గుతుంది. అరచేతిలో ఇమిడే రేకుముక్కతో వేగానికి ముకుతాడు వేయడం ఎంత తెలివైన పనో ఇంజను విప్పినవాడికే తెలుస్తుంది. దాని ఫలితంగా కార్లన్నీ గుంపుగా కదిలి, ఒకటి తప్పితే ఇరవై గుద్దుకునే కొత్త చిక్కు వచ్చిందని కూడా రచయిత్రి దాచలేదు. లోకం ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు ఎప్పుడో మారిపోయినా 2011 దాకా వీళ్లు కార్బురేటర్‌నే పట్టుకు వేలాడారు. 2022లో వచ్చిన కొత్త కారులో చక్రానికి ఐదు నట్ల బదులు మధ్యలో ఒక్కటే పెద్ద నట్టు. జాకీ ఎత్తి, నాలుగు చక్రాలు మార్చి, పెట్రోలు నింపి పంపడం పది సెకన్ల అటూ ఇటూగా అయిపోతుంది.

రూలుపుస్తకంలో చాలా పేజీలు ప్రాణాలు పోయాక రాసినవే. 1964లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ కాలిన గాయాలతో చనిపోయాక పెట్రోలు ట్యాంకులోపల రబ్బరు సంచి వచ్చింది. ఏడుసార్లు చాంపియనైన డేల్ ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరి 18న డేటోనా చివరి చుట్టులో గోడకు గుద్దుకుని కన్నుమూశాడు. ఆ ఏడాదే తలను మెడమీద కుదుపునుంచి కాచే పట్టీ తప్పనిసరి చేశారు; మరుసటి ఏడాదినుంచి దెబ్బను ఇముడ్చుకునే ఉక్కు, ఫోమ్ గోడలు రావడం మొదలైంది. ఆ తర్వాత ప్రధాన సిరీస్ పందెంలో ఒక్క డ్రైవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. ఆ మాట రాసినచోట రచయిత్రి వ్యాఖ్యానమేమీ చేయలేదు. ఆ సంయమనం నాకు నచ్చింది.

మనవాళ్లకు ఈ పుస్తకంతో పనేమిటంటారా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది ఆ పందెం మళ్లీ జరగలేదు. ఒక పందేన్ని రప్పించడం వేరు, పందేల పద్ధతిని మన నేలమీద పెంచుకోవడం వేరు. కార్ల సంగతి పక్కనపెట్టినా, కబడ్డీకో బ్యాడ్మింటన్‌కో లీగులు పెట్టేవాళ్లు, తిరునాళ్ల పోటీలు నడిపే కమిటీలవాళ్లు ఈ పుస్తకం మూడో అధ్యాయం చదివి తీరాలి. బహుమతి సొమ్ము ముందే బ్యాంకులో వేయడం, తనిఖీ అందరి ఎదుటా చేయడం, లెక్క అందరికీ చూపించడం అన్న మూడింటికీ పెద్ద ఖర్చేమీ కాదు.

రచనలో చిన్నచిన్న లోపాలున్నాయి. పందెం మధ్యలో బండి ఆగే పిట్‌లో పానాలు పట్టుకునే కుర్రాళ్ల జీతాలు, చదువులు, శిక్షణ గురించి ఇంకొంచెం చెబితే మా వృత్తివాళ్లు సంతోషించేవారు. చివర్లో మైళ్లకు కిలోమీటర్ల పట్టిక ఒకటి వేయాలి. అమ్మాయి భాష మాత్రం హాయిగా ఉంది. ఇంజను భాగాలకు పండితులు కట్టిన మాటల జోలికి పోకుండా మా వర్క్‌షాపు మాటలే వాడింది.

తర్వాతి పుస్తకం ఏమిటని అడుగుతారు కదా, నేనే చెబుతున్నాను. మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. వయసులో ఉండగా మేమూ రైలెక్కి వెళ్లి ఎండలో నిలబడి చూసినవాళ్లమే. అవి చూసినవాళ్లూ అందులో పనిచేసిన మెకానిక్కులూ ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వాళ్లుండగానే ఆ కథ రాయాలి తల్లీ. నాస్కార్ మీద ఇంత శ్రద్ధ చూపినదానివి, మన ఇంటి పక్క పందేనికి ఆ మాత్రం రుణం తీర్చగలవు. నీ కలానికి నా ఆశీస్సులు. ఈ పుస్తకాన్ని తెలుగు పాఠకులు ఆదరిస్తారని నా నమ్మకం.